పొన్సెటి వైద్యం, కడ్డీ బూట్లు: ఆరు వారాల కట్టు, నాలుగేళ్ళ కాపలా

వంకర పాదాలతో (క్లబ్‌ఫుట్) పుట్టిన పిల్లలకు ఇవాళ ప్రపంచమంతటా మొదట చేసే వైద్యం పొన్సెటి పద్ధతి. వారం వారం పిండికట్టు, చివర్లో మడమ వెనక చిన్న గాటు, ఆ తర్వాత కడ్డీతో కలిపిన బూట్లు. అంతే వైద్యం. ఈ మొత్తాన్ని ఒక సేవగా, బూట్లను ఒక వస్తువుగా తీసుకుని ఇక్కడ బేరీజు వేస్తున్నాం. మా తీర్పు ముందే చెప్పేస్తాం. పద్ధతికి వంక పెట్టడానికి లేదు. పాదం తిరగబెట్టేదల్లా బూట్ల దగ్గరే. అందుకని ఏ క్లినిక్కునైనా కట్టు ఎంత నున్నగా వేశారో చూసి మెచ్చుకోకండి. బూట్లు ఇచ్చి పంపాక ఏడాదికీ, రెండేళ్ళకూ మా బిడ్డను ఎవరు చూస్తారని అడగండి. ఆ జవాబును బట్టి క్లినిక్కు సంగతి తేల్చుకోవచ్చు.

సుమారు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డకు ఈ వంకర ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపు. దాదాపు సగం మందికి రెండు పాదాలూ వంకరే. గ్రహణం పూట తల్లి కాళ్ళు ముడుచుకుని పడుకుందనీ, కత్తిపీట ముట్టిందనీ మన ఊళ్ళలో ఇప్పటికీ అంటూనే ఉంటారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. తల్లి చేసిన తప్పు ఇందులో ఏదీ లేదు, ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళకు డాక్టరే నోరు తెరిచి చెప్పాలి. టిఫా స్కాన్‌లోనే కొన్నిసార్లు బయటపడుతుంది. కడుపులో ఉండగా చేసేదేమీ ఉండదు గానీ, పుట్టాక ఎక్కడికి తీసుకెళ్ళాలో చూసుకోవడానికి నాలుగు నెలల టైము దొరుకుతుంది. పుట్టిన వారం పది రోజుల్లో మొదలుపెడితే మేలు. నెలలు గడిచాక వచ్చినా, నడక వచ్చాక వచ్చినా పద్ధతి పనిచేస్తుంది. కట్లు మాత్రం ఎక్కువ పడతాయి.

ఈ పద్ధతిని అర్థం చేసుకోవాలంటే దాని వెనకున్న మనిషి ఉద్యోగ జీవితం తెలియాలి. ఇగ్నాసియో పొన్సెటి 1914 జూన్ 3న స్పెయిన్‌లోని మెనోర్కా దీవిలో పుట్టాడు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు, కొడుకు ఆ పనిలో సాయం చేస్తూ పెరిగాడు. బార్సిలోనాలో వైద్యం చదివి 1936లో బయటికొచ్చేసరికి అంతర్యుద్ధం మొదలైంది. ప్రభుత్వం వైపు పోరాడిన రిపబ్లికన్ సైన్యంలో విరిగిన ఎముకలు కడుతూ పనిచేశాడు. 1939లో ఓటమి ఖాయమయ్యాక గాయపడ్డవాళ్ళను పిరనీస్ కొండలు దాటించి ఫ్రాన్స్ చేర్చాడు. అక్కణ్ణించి మెక్సికో వెళ్ళి ఒక పల్లెలో మామూలు డాక్టరుగా ఉన్నాడు. 1941లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీకి, ఆర్థర్ స్టైండ్లర్ దగ్గర ఎముకల వైద్యం నేర్చుకోవడానికి వచ్చాడు. 1944లో శిక్షణ ముగించుకుని అక్కడే అధ్యాపకుడయ్యాడు. ఆ తర్వాత జీవితమంతా అదే ఊళ్ళో గడిచింది.

అక్కడ అతనికి అప్పగించిన తొలి పనుల్లో ఒకటి, అంతకు ముందు ఇరవై ఏళ్ళలో వంకర పాదాలకు ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళను మళ్ళీ పిలిచి చూడటం. ఆ పాదాలు చూడటానికి తిన్నగానే ఉన్నాయి. కానీ బిగుసుకుపోయి, బలం లేక, నొప్పి పెడుతున్నాయి. కోసిన చోటల్లా మచ్చ కండ గట్టిపడింది. ఒక సర్జన్ తన విభాగంలోనే జరిగిన ఆపరేషన్ల ఫలితం చూసి, ఆ దారి వద్దనుకుని, చేతులతో సరిచేసే దారి వెతకడం చిన్న విషయం కాదు. యూనివర్సిటీలో సర్జన్‌కు పేరొచ్చేది కొత్త ఆపరేషన్ కనిపెడితే. ఈయన పేరు నిలిచింది పెద్ద ఆపరేషన్ అవసరం లేకుండా చేసినందుకు. ఆ పేరు రావడానికి కూడా నలభై ఏళ్ళు పైనే పట్టింది.

పద్ధతి 1940ల చివర్లో రూపుదిద్దుకుంది. 1963లో వైద్య పత్రికకెక్కింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970ల నుంచి 1990ల దాకా పాదం లోపలివైపు, వెనకవైపు అన్నీ విప్పేసే పెద్ద ఆపరేషన్ రాజ్యమేలింది. పొన్సెటి 1984లో రిటైరయ్యాడు, కొన్నాళ్ళకు మళ్ళీ క్లినిక్కుకు వచ్చాడు. 1995లో అయోవా నుంచే కూపర్, డైట్జ్ ఒక లెక్క అచ్చువేశారు. చిన్నప్పుడు పొన్సెటి దగ్గర వైద్యం చేయించుకున్న 45 మందిని, సగటున 34 ఏళ్ళ వయసులో వెనక్కి పిలిచి పరీక్షించారు. 78 శాతం మంది పాదాలు బాగా ఉన్నాయి, లేదా చాలా బాగా ఉన్నాయి. పుట్టుకతో ఏ వంకరా లేని మామూలు మనుషుల్ని అదే కొలతతో చూస్తే వచ్చింది 85 శాతం. మాకు తెలిసి పిల్లల ఎముకల వైద్యంలో ఇంత పాత గ్యారంటీ కార్డు ఉన్న వైద్యాలు చాలా తక్కువ. ఆ తర్వాత ఇంటర్నెట్లో తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకుని అయోవాకు బారులు తీరారు. తొంభై దాటాక కూడా ఆయన కట్లు వేస్తూ, వేయడం నేర్పిస్తూ ఉన్నాడు. 2009 అక్టోబరులో, 95 ఏళ్ళకు పోయాడు. ఏటా జూన్ 3ను ప్రపంచ క్లబ్‌ఫుట్ దినంగా జరుపుకోవడం ఆయన పుట్టినరోజు కాబట్టే.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1950లలో ఆయన వెన్నెముక వంకర మీద పరిశోధన చేస్తూ ఎలుకలకు స్వీట్ పీ గింజలు మేపాడు. మన కేసరి పప్పు కూడా ఆ జాతి మొక్కదే. ఆ గింజలోని పదార్థం, ఒంటిని కట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అతుకును దెబ్బతీస్తుంది, వెన్ను వంగుతుంది. శరీరంలోని పోగు ఎలా పట్టు బిగిస్తుంది, ఎలా సడలుతుంది అన్నది అతనికి అలా చేతికందింది. పసిబిడ్డ పాదంలో ఎముకను ఎముకకు కట్టే లిగమెంటు పోగులు అలలు అలలుగా ముడుచుకుని ఉంటాయి. నెమ్మదిగా సాగదీసి వారం పాటు పట్టి ఉంచితే సాగుతాయి, కొత్త అలలు పడతాయి, మళ్ళీ సాగదీయవచ్చు. కట్టు వారానికోసారి మార్చడం వెనకున్న లెక్క ఇదే.

ఇక కట్టు సంగతి. పాదంలో నాలుగు వంకరలు కలిసి ఉంటాయి. అరికాలి నడుమ లోతుగా గుంట పడి ఉంటుంది. పాదం ముందుభాగం లోపలికి తిరిగి ఉంటుంది. మడమ లోపలికి ఒరిగి ఉంటుంది. మడమ పైకి లాక్కుపోయి పాదం కిందికి వాలి ఉంటుంది. మొదటి కట్టుతో గుంట పోవాలి. దానికి బొటనవేలి వైపు ఎముకను పైకెత్తి, పాదం ముందుభాగాన్ని ఇంకాస్త లోపలికి తిప్పినట్టే పట్టుకోవాలి. చూసే తల్లికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. వంకర తీయమంటే ఇంకా వంచుతున్నారేమిటని అడుగుతారు. సరిగ్గా ఇక్కడే నేర్చుకోనివాళ్ళు తప్పు చేస్తారు. పాదాన్ని ఒక్కసారిగా బయటికి, కిందికి మెలితిప్పుతారు. గుంట ఇంకా లోతవుతుంది, పాదం నడుమ విరిగినట్టవుతుంది.

రెండో కట్టు నుంచి పాదాన్నంతా ఒక్క ముక్కగా బయటికి తిప్పుకుంటూ పోవాలి. తిప్పేటప్పుడు ఎదురు బొటనవేలు ఎక్కడ పెడతారన్నది ప్రాణం. చీలమండ బయటి ఎముకకు కొంచెం ముందు, చర్మం కింద గుండ్రంగా తగిలేది తాలస్ ఎముక తల. అక్కడ ఆనించాలి. అప్పుడు మడమ ఎముక దాని కింద స్వేచ్ఛగా తిరుగుతుంది. కాస్త కిందికి జారి పాదం బయటి అంచు మధ్యలో నొక్కారా, మడమ అక్కడే ఇరుక్కుపోతుంది. అంతకు ముందు అమెరికాలో చాలాకాలం నడిచిన హైరమ్ కైట్ పద్ధతిలో నొక్కేది ఆ చోటే. ఆ తప్పుకు ఆయన పేరే మిగిలిపోయింది. ఆ కట్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి సాగేవి. మడమను చేత్తో పట్టి తిప్పాల్సిన పనే లేదు, అది వెంట వస్తుంది. ముట్టుకోకపోతేనే వస్తుంది.

మంచి కట్టు ఎలా వేస్తారో దగ్గరగా చూడండి. ఇద్దరు మనుషులుండాలి. ఒకరు పాదం పట్టుకోవాలి, ఒకరు చుట్టాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తున్న చోట పట్టు తప్పుతుంది. బిడ్డ ఆకలిగా వచ్చి, కట్టు వేస్తుండగా పాలు తాగుతూ ఉండాలి. ఏడ్చే బిడ్డ కాలు బిగదీస్తుంది, కండ బిగుసుకుంటే పట్టు నిలవదు. దూది పల్చగా ఒక పొర మాత్రమే, మందంగా వేస్తే లోపల పాదం జారుతుంది. ఆపై రెండంగుళాల పిండిపట్టీ. వేళ్ళ దగ్గర మూడు నాలుగు చుట్లు, అక్కణ్ణించి మోకాలి దాకా. ఆ భాగం గట్టిపడేలోపు మలచాలి. తాలస్ తల మీద బొటనవేలు ఒకేచోట అదిమి పెట్టకూడదు, పుండు పడుతుంది. ఆనించి, తీసి, మళ్ళీ ఆనిస్తూ ఉండాలి. మడమ చుట్టూ, చీలమండ పైనా రూపం బయటికి కనిపించాలి. అది ఆరాకే మోకాలు 90 డిగ్రీలు మడిచి తొడ మొదలు దాకా కట్టు పైకి తీసుకెళ్ళాలి. వేళ్ళ కింద అరుగులాగా పిండి ఉండాలి, వేళ్ళ పైన ఖాళీగా ఉండాలి.

మోకాలి కింద ఆపేసిన పొట్టి కట్టు కనిపిస్తే అక్కడ ఈ పద్ధతి నడవడం లేదని అర్థం. పేరు పొన్సెటి అని పెట్టుకున్నా సరే. పొట్టి కట్టు జారిపోతుంది, పాదం బయటికి తిరిగి నిలవదు. ఫైబర్ కట్టు తేలికగా ఉంటుంది, నీటికి ఓర్చుకుంటుంది. పసిపాదం మీద మలచడానికి మాత్రం పిండికట్టే మంచిదని మా అభిప్రాయం.

ఇంటికెళ్ళాక తల్లి చూసుకోవాల్సింది వేళ్ళు. నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. తెల్లగా, నీలంగా ఉన్నా, ఉబ్బినా ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి. తెల్లారేదాకా ఆగకూడదు. నిన్న కనిపించిన వేళ్ళు ఇవాళ కట్టులోపలికి వెళ్ళిపోయాయంటే కట్టు జారింది. జారిన కట్టు ఉంచడం కంటే విప్పేయడం వెయ్యి రెట్లు నయం. అది పాదాన్ని లోపల నలిపి, పొట్టిగా, బొద్దుగా, అరికాలికి అడ్డంగా లోతైన మడత పడిన పాదంగా మార్చేస్తుంది. బొటనవేలు పొట్టిదై పైకి లేస్తుంది. అలాంటి పాదాన్ని సరిచేయడానికి వేరే లెక్కలున్నాయి. మోకాలు 110 డిగ్రీల దాకా మడవాలి. బయటికి 40 డిగ్రీలు మించి తిప్పకూడదు. అది తెలియకుండా మామూలు పాదంలాగే 70కి లాగితే వేళ్ళు మాత్రమే బయటికి వంగుతాయి, మడమ అక్కడే ఉంటుంది.

కట్టు విప్పడం క్లినిక్కులోనే, కొత్త కట్టు వేసే ముందే జరగాలి. ముందు రాత్రి ఇంట్లో నానబెట్టి విప్పుకు రమ్మనే చోట్లు ఉన్నాయి. రద్దీ తగ్గించుకోవడానికి అలా చెబుతారు. ఆ పన్నెండు గంటల్లో పాదం వారం సంపాదించిన దాంట్లో కొంత వెనక్కి ఇచ్చేస్తుంది. విప్పడానికి రంపం మిషన్ అక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానితే పిండి మెత్తబడి చుట్టలు విడిపోతాయి. బిడ్డకు స్నానం దొరికేది కూడా ఆ కాసేపే. ఆ స్నానానికి నూనె, పౌడరు వద్దు. నూనె పట్టిన చర్మం మీద కట్టు నిలవదు.

ఇలా నాలుగు నుంచి ఆరు కట్లు. అయోవాలో 157 మంది బిడ్డల, 256 పాదాల లెక్క 2004లో వచ్చింది. నూటికి తొంభై మందికి ఐదు కట్లు, అంతకంటే తక్కువే సరిపోయాయి. 98 శాతం పాదాలు తిన్నగా వచ్చాయి. పది కట్లు దాటాయంటే బిడ్డలో ఏదో వేరే సంగతి ఉంది, లేదా వేసే చేతిలో తప్పు ఉంది. వెన్నెముక కింది భాగంలో గుంట, జుట్టు, ఉబ్బు ఉందేమో, మిగతా కీళ్ళు బిగుసుకుని ఉన్నాయేమో మొదటి రోజే చూసి ఉండాలి. వంకర ఎంత ఉందో కొలిచే పిరానీ స్కోరు వారం వారం రాస్తున్నారా అని కూడా చూడండి. ఆరు గుర్తులు, ఒక్కోదానికి సున్నా, అర, ఒకటి. మొత్తం ఆరుకు. తిన్నటి పాదం సున్నా. అంకె తగ్గుతూ రావాలి. కాగితం మీద అంకె లేని చోట మెరుగు కంటిచూపు మీదే నడుస్తోందన్నమాట.

చివరి కట్టుకు పాదం బయటికి 60–70 డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది. మడమ ఇంకా పైకే ఉంటే వెనక నరం తెంచాలి. ఈ మాట దగ్గర మన ఇళ్ళలో గుండెలు జారతాయి. తెలుగులో మెదడు నుంచి వచ్చే నాడీ నరమే, రక్తనాళమూ నరమే, కండను ఎముకకు కట్టే తాడూ నరమే కాబట్టి బిడ్డ కాలు చచ్చుబడుతుందని భయపడతారు. తెంచేది మడమ వెనక తాడు. మడమకు సెంటీమీటరు, సెంటీమీటరున్నర పైన, మత్తు సూది కాస్త ఇచ్చి, సన్నటి బ్లేడుతో ఒక గాటు. తాడు తెగగానే టప్పున వదిలినట్టు వేలికి తెలుస్తుంది, పాదం 15–20 డిగ్రీలు పైకి లేస్తుంది. కుట్టు లేదు. మూడు వారాల కట్టు. ఆ మూడు వారాల్లో తాడు కాస్త పొడవుగా మళ్ళీ అతుక్కుంటుంది. కట్టు మీద రూపాయి బిళ్ళంత రక్తపు మరక మామూలే, అది పెరుగుతూ పోతే మాత్రం ఫోన్ చేయాలి. నూటికి ఎనభై, తొంభై మందికి ఈ గాటు కావాలి. ఆపరేషన్ లేకుండా అన్నారు కదా, ఇదేమిటని కొందరు ఇక్కడే ఆగిపోతారు. ఆగిపోతే మడమ పైకే ఉండిపోతుంది. గాటు వద్దని పాదాన్ని బలవంతంగా పైకి వంచితే ఇంకా ఘోరం. మడమ కిందికి రాదు, పాదం నడుమ విరిగి అరికాలు పడవ అడుగులా ఉబ్బుతుంది.

ఇప్పుడు బూట్లు. అసలు సమీక్ష ఇదే.

మూడు వారాల కట్టు విప్పిన రోజే, అదే గంటలో బూట్లు తొడగాలి. సైజు లేదు, వచ్చే వారం రండి అన్న క్లినిక్కుకు మా దగ్గర మార్కులు లేవు. బూట్ల కొలత గాటు పెట్టిన రోజే తీసుకుని ఉండాలి. వంకర పాదం వైపు బూటు 60–70 డిగ్రీలు బయటికి, ఒక పాదమే వంకరైతే రెండో వైపు 30–40 డిగ్రీలు. కడ్డీ పొడవు బిడ్డ భుజాల వెడల్పు ఉండాలి, అది మడమ నుంచి మడమకు కొలవాలి. పొట్టి కడ్డీ బిడ్డకు నరకం, తొడగనివ్వరు. కడ్డీ మధ్యలో కాస్త వంపు ఉండి, పాదం 10 డిగ్రీల దాకా పైకి లేచి ఉండేలా చూడాలి. ఈ మూడు కొలతలూ అక్కడే టేపుతో చూసుకోండి, డాక్టరు ఏమీ అనుకోరు.

మన దేశంలో ఎక్కువగా చేతికొచ్చేది స్టీన్‌బీక్ రకం. ఉగాండాలో పనిచేసిన మిషెల్ స్టీన్‌బీక్ రూపొందించాడు. ఊళ్ళో దొరికే తోలు, ఇనుప కడ్డీతో చెప్పుల షాపులో, వెల్డింగ్ షాపులో ఉండే పనిముట్లతోనే చేయగలగడం దాని గొప్పతనం. ముందు వేళ్ళు తెరిచి ఉంటాయి, లేసులు కట్టాలి. మడమ వెనక ఒక కన్నం ఉంటుంది. చిన్న కన్నమే గానీ మొత్తం బూటులో మాకు నచ్చింది అదే. అందులోంచి చూస్తే మడమ అడుగుకు ఆనిందో లేదో కనిపిస్తుంది. కన్నంలో చర్మం కనపడకుండా ఖాళీ కనిపించిందంటే పాదం పైకి జారింది, విప్పి మళ్ళీ కట్టాలి. గట్టి బూటు, చాలాకాలం మన్నుతుంది, విరిగితే ఊళ్ళోనే అతికించవచ్చు. లోటు ఏమిటంటే కడ్డీకి బూట్లు అతికే ఉంటాయి. పెరిగినప్పుడు మొత్తం జత మార్చాలి, కోణం ఇంట్లో మార్చలేం. వానాకాలం తడిసిన తోలు గట్టిపడి అంచులు గీరుకుంటాయి. నీడన ఆరబెట్టాలి, పొయ్యి దగ్గర పెట్టకూడదు.

రెండోది మిచెల్ రకం. అయోవాలోనే జాన్ మిచెల్, పొన్సెటితో కలిసి తయారుచేశాడు. మెత్తటి లోపలి పొర, మూడు పట్టీలు, కడ్డీ నుంచి క్లిప్పుతో ఊడదీసే వీలు. బూటు మాత్రం ముందు తొడిగి, తర్వాత కడ్డీకి తగిలించవచ్చు, రాత్రి నిద్రలో మార్చాలంటే ఇది పెద్ద సుఖం. పొట్టి, బొద్దు పాదాలకు ఇదే పట్టు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. పిల్ల పెరిగే కొద్దీ మళ్ళీ మళ్ళీ కొనాలి. మామూలు పాదానికి, సరిగ్గా కట్టగలిగితే, స్టీన్‌బీక్ చాలు. ఖరీదైన బూటు తొడగని రాత్రుల కంటే సాదా బూటు తొడిగిన రాత్రులే పాదాన్ని కాపాడతాయి.

ఒక్క కాలికే వేసే ప్లాస్టిక్ బ్రేసులు కూడా షాపుల్లో అమ్ముతున్నారు. చీలమండ దగ్గర పాదాన్ని పట్టి ఉంచుతాయి గానీ బయటికి తిప్పి ఉంచలేవు. కడ్డీ లేకుండా ఆ పని జరగదు. వాటిని కొనకండి.

తొడిగే తీరు చెప్తాం. మొదటి రెండు రోజులు కుట్టు గీరని పల్చటి నూలు సాక్సులు రెండు జతలు, తర్వాత ఒకటి. మోకాలు మడిచి పాదాన్ని లోపలికి దింపి, ముందు నడిమి పట్టీ బిగించాలి. మడమను దించి పట్టేది ఆ పట్టీనే. తర్వాత మిగతావి. రెండింటిలో ఎక్కువ వంకరగా ఉన్న కాలికి ముందు తొడగాలి, బిడ్డ తన్నుడంతా రెండో కాలితోనే పోతుంది. కుదిరిన తర్వాత వేళ్ళ చివర ఎక్కడి దాకా వచ్చాయో బూటు అడుగు మీద పెన్నుతో గీత గీయండి. రేపు వేళ్ళు గీత వెనక్కి పోయాయంటే జారిందని తెలిసిపోతుంది.

మడమ మీద బొబ్బ లేస్తే అందరూ పట్టీ వదులు చేస్తారు. అది తప్పు. బొబ్బ లేచిందే వదులు వల్ల. మడమ పైకీ కిందికీ రాసుకుంటోంది. ఇంకో కన్నం బిగించాలి. నొక్కుడు వల్ల వచ్చిన ఎరుపు విప్పిన కాసేపటికి పోతే భయం లేదు. దాని మీద క్రీములు, కొబ్బరి నూనె రాయకండి, చర్మం మెత్తబడి ఇంకా ఊడొస్తుంది. ముదురు ఎరుపు తగ్గకపోతే, చర్మం లేస్తే క్లినిక్కుకు వెళ్ళాలి.

మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు. ఆ ఒక్క గంట స్నానానికి, నూనె మర్దనాకు, కాళ్ళు ఆడించుకోవడానికి. తర్వాత రాత్రీ, పగటి నిద్రా కలిపి 12–14 గంటలు, నాలుగేళ్ళ దాకా. మొదటి రెండు మూడు రాత్రులు బిడ్డ ఏడుస్తుంది. నొప్పికి కాదు, కాళ్ళు విడివిడిగా కదలవు కాబట్టి. పగలు ఒళ్ళో పెట్టుకుని కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్ళూ కలిపి మడవడం, చాచడం ఆటలాగా నేర్పిస్తే రెండు కాళ్ళూ కలిపి తన్నడం వచ్చేస్తుంది. అప్పటి నుంచి ఏడుపు ఉండదు. కడ్డీకి పాత చీర ముక్కో, స్పాంజో చుట్టండి, బిడ్డకూ దెబ్బ తగలదు, పక్కన పడుకున్న తల్లికీ తగలదు. చీర ఉయ్యాలలో కడ్డీ ఇరుక్కుని మోకాళ్ళు మెలిపడతాయి. పడుకోబెట్టేది చాప మీదో, వెడల్పాటి తొట్టెలోనో అయితే మంచిది.

ఈ మూడు నెలలు దాటాక పాదం చూడముచ్చటగా ఉంటుంది. వైద్యం చెడేది సరిగ్గా అప్పుడే. పాదం బాగైపోయింది కదా, పసిబిడ్డకు ఈ ఇనుము ఎందుకని అమ్మమ్మకు జాలేస్తుంది. పెళ్ళికి వెళ్తూ ఒక రాత్రి మానేస్తారు, జ్వరమొచ్చిందని ఒక వారం. వారం మానేసిన తర్వాత బూటు పట్టదు, పట్టని బూటుకు బిడ్డ ఏడుస్తుంది, ఏడుస్తోందని మొత్తానికే మానేస్తారు. పద్ధతిని నేర్పేవాళ్ళు చెప్పే లెక్క ఇది: బూట్లు వాడిన ఇళ్ళలో తిరగబెట్టింది నూటికి 6, వాడని ఇళ్ళలో 80కి పైగా. ఇంత తేడా ఉన్నప్పుడు తల్లిదండ్రుల్ని తిట్టి లాభం లేదు. వాడేలా చూడటం క్లినిక్కు పని. బూట్లిచ్చిన వారం రెండు వారాల్లో ఒకసారి రమ్మనాలి. మూడు నెలలకు చూసి రాత్రి వాడకానికి మార్చాలి. ఆ తర్వాత మూడేళ్ళ దాకా నాలుగు నెలలకోసారి, నాలుగేళ్ళ దాకా ఆరు నెలలకోసారి, పైన ఏడాదికో రెండేళ్ళకో, ఎదుగుదల ఆగేదాకా. రాకపోతే ఫోన్ చేసే మనిషి ఒకరు ఉండాలి. మంచి క్లినిక్కుల్లో ఆ మనిషి డాక్టరు కాదు, కౌన్సెలర్. తండ్రి నంబరూ, పక్కింటివాళ్ళ నంబరూ రాసి పెట్టుకునే మనిషి.

ఆంధ్ర, తెలంగాణల్లో దారి ఇలా ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకాల్సిన 30 సమస్యల్లో వంకర పాదం ఉంది. ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీ టీచరుకో, పీహెచ్‌సీలోనో చెప్తే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. చాలా ప్రభుత్వాసుపత్రుల్లో వారంలో ఒక రోజు దీనికే ప్రత్యేకంగా క్లినిక్కు నడుస్తుంది, స్వచ్ఛంద సంస్థల సాయంతో బూట్లు ఉచితంగా ఇచ్చే చోట్లూ ఉన్నాయి. వెళ్ళే ముందు ఏ రోజో కనుక్కుని వెళ్ళండి. కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చిన తల్లిని ఇవాళ కాదు రమ్మంటే ఆరు వారాల్లో రెండు వారాలు అక్కడే పోతాయి. ఒకే రోజు క్లినిక్కు పెట్టడంలో ఇంకో లాభం ఉంది. మొదటి కట్టుకొచ్చిన తల్లి పక్కనే, రెండేళ్ళ పిల్లవాడు పరుగెత్తుతూ కనిపిస్తాడు. ఎంత చెప్పినా కుదరని నమ్మకం ఆ బెంచీ మీద కుదురుతుంది.

తిరగబెడితే ఏం చేస్తారు? ముందు మళ్ళీ కట్లే, రెండు మూడు. మడమ మళ్ళీ పైకి లాక్కుపోతే మళ్ళీ గాటు. రెండున్నరేళ్ళు దాటి, నడుస్తున్నప్పుడు పాదం లోపలికి ఎగిరిపడుతుంటే, పాదాన్ని లోపలికి లాగే కండ తాడును మీగాలి నడుమకు, మూడో క్యూనిఫామ్ ఎముకకు మార్చి కుడతారు. ఆ ఎముక ఎక్స్‌రేలో కనిపించేంతగా గట్టిపడ్డాకే చేయాలి, తొందరపడకూడదు. ఇది కూడా పొన్సెటి పద్ధతిలో భాగమే, ఓటమి కాదు. తిరగబెట్టగానే పెద్ద ఆపరేషన్ అన్న చోట రెండో అభిప్రాయం తీసుకోండి.

ఇంట్లో చూసుకునే పరీక్ష ఒకటి ఉంది, డబ్బులు అక్కర్లేనిది. నిలబడటం వచ్చిన పిల్లవాణ్ణి గొంతుక్కూర్చోమనండి, మన పిల్లలు నేల మీద ఆడుకునేటప్పుడు రోజుకు పదిసార్లు కూర్చునేదే. వెనకనుంచి చూడండి. రెండు మడమలూ నేలకు ఆనాలి. ఒక మడమ లేచి, ఒళ్ళు ఆ పక్కకు ఒరుగుతోందంటే ఆ వారంలోనే క్లినిక్కుకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాత బూట్లు కూడా సంచిలో పెట్టుకుని వెళ్ళండి. అడుగు మీద వేళ్ళు పడిన గుంటలు చూసి, ఎన్ని రాత్రులు తొడిగారో తెలిసినవాళ్ళు చెప్పగలరు.